బుచ్చవ్వ పేరు మీద చీర

హలో, వినబడుతోందా? నేను కోరుట్ల నుంచి మీ ఎల్లేశం బాబాయిని. చేతిలో పని ఉంటే చేసుకుంటూనే వినండి. మా పక్కింట్లో జరిగిన ముచ్చట ఇది.

సిరిసిల్లలో పరశురాములు కొడుకు విజయ్. తండ్రి పవర్‌లూమ్‌ల మీద నేసిన చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతాడు. మంచి వెబ్‌సైటుకు ఏడాదికి ఇరవై వేలు అడిగారని, ఉచితంగా దొరికే ఫారం ఒకటి పెట్టుకున్నాడు. ఖర్చు లేదు సరే. లింకు నొక్కిన ప్రతివాళ్లకూ కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు అన్నీ కనబడేవి!

ఒకరోజు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఫొటో బదులు బంతిపువ్వు. ఫారంలో చూస్తే ఆ నంబర్ బుచ్చవ్వది. కోరుట్ల, వయసు డెబ్బై ఎనిమిది.

“ఏం కొడుకా, చీర కొంటే ఊరందరి నంబర్లు ఫ్రీనా?”

“అవ్వా, గీ వయసుల నీ నంబర్‌తోని ఎవలికేం పని?”

“మీ మగ్గాల షెడ్డుకు తాళమేస్తరా?”

“ఏస్తం.”

“నీ దారానికి తాళం కావాలె, మా నంబర్లకు అక్కర్లేదా?”

 ఆ రోజు నుంచి రోజూ ముచ్చట్లే. అవ్వ తిడితేగానీ విజయ్‌కి చాయ్ దిగేది కాదు. ఒకసారి ఉండబట్టలేక రాసేశాడు: “అవ్వా, నీలెక్క మాట్లాడే పిల్ల దొరికితే రేపే లగ్గం చేసుకుంట.”

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఇంతలో ఆ చీరలు కొన్న మా కోరుట్ల ఆడవాళ్లకు ఫోన్లు మొదలయ్యాయి. “దుబాయ్ నుంచి మీ ఆయన పార్శిల్ పంపిండు, ఓటీపీ చెప్పుండ్రి.” ఎవరూ చెప్పలేదు లెండి. ఫోన్లు ఎక్కడివో తెలియదుగానీ, అనుమానం మాత్రం చీరల మీదికి పోయింది. పది రోజులు ఒక్క ఆర్డర్ రాలేదు. రెండు మగ్గాలు ఆగాయి. డబ్బు పెట్టి మంచి వెబ్‌సైటే తీసుకుందామన్నాడు విజయ్.

“గా ఇరవై వేలతోని కొత్త మోటర్ అస్తది కదరా!” అన్నాడు పరశురాములు.

“మోటర్ తిరిగితే చీరలస్తయి బాపూ. కొనేటోళ్లు అస్తరా?”

తండ్రి ఆగిన మగ్గం మీది దుమ్ము తుడిచాడు. “పెట్టు మరి, గా తాళమేందో.”

కొత్త వెబ్‌సైటు వచ్చింది, పాత లిస్టు పోయింది. ఇల్లిల్లూ తిరిగి తప్పయిందని చెప్పడానికి విజయ్ కోరుట్ల వచ్చాడు. మొదట మా పక్కింటికి, అవ్వ దగ్గరికే.

“బుచ్చవ్వా, నేను విజయ్‌ని. రోజు ఫోన్ల ముచ్చట పెడ్తం గద!”

“నాకు ఫోనే లేదు కొడుకా. పొల్లా, సింధూజా! ఎవలో అచ్చిండ్రు సూడు.”

మనవరాలు బయటికి వచ్చింది. ఒంటి మీద విజయ్ పంపిన ఆకుపచ్చ చీర. పాపం, అతని చెవులు ఎర్రబడ్డాయి. గోడ ఇవతల నా బకెట్ నిండి పొర్లుతోంది, నల్లా కట్టేస్తే ఒట్టు!

“నన్ను కొడుకా అన్నది... నువ్వేనా?”

“తాళం లేని ఫారంల నిజం పేరు ఎవలు రాస్తరు?”

“మరి లగ్గం ముచ్చట చదివినవా?”

“చదివిన. అవ్వకు రాసినవో, నాకు రాసినవో తెల్వక ఊకున్న.”

విజయ్ తన ఫోన్‌లో కొత్త వెబ్‌సైటు ఫారం తెరిచి చాపాడు. “గిప్పుడు తాళమున్నది. రాస్తవా?”

పేరు గడిలో ‘సింధూజ’ అని రాసింది. కింద ‘ఇంకేమైనా చెప్పాలా’ అన్న గడిలో ఇంకేదో రాసి, ఫోన్ ఇచ్చేసి లోపలికి ఉరికింది. విజయ్ ఒళ్లు మరిచి పైకే చదివాడు: “మా బాపు మస్కట్ నుంచి దసరకు అస్తడు. మీ బాపును తోల్కరా.”

బుచ్చవ్వ బోసినోటితో నవ్వింది. “ఇగ నా పేరు నాకియ్యి పొల్లా!”

ముచ్చట బాగుందనిపిస్తే మీవాళ్లకు కూడా పంపండి. ముచ్చట మాత్రమే సుమా, ఎవరి నంబర్లూ వద్దు!