గ్రిల్లు కాల్చిన గోడ

ఉంగరం పట్టుకుని మోకాలి మీద కూర్చున్నవాడికి వెనకున్న గ్రిల్లు గుర్తుంటుందా? కర్టిస్‌కి గుర్తులేదు. జనెల్ వాళ్ల పెరట్లో బర్గర్లు కాలుస్తూ, గ్రిల్లుని గోడ పక్కనే వదిలేసి, పెళ్లి చేసుకుంటావా అని జనెల్‌ని అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపే గోడకు తొడిగిన వినైల్ ప్లాస్టిక్ పలకలు మూడు వరసలు కరిగి వేలాడాయి. ఆదివారానికి చెబుతానంది జనెల్.

మర్నాడు ఆ గోడ బాగుచెయ్యమని వేడ్‌కి ఫోన్ చేసింది.

మా ఒహాయోలో వేడ్ అంత నీటుగా పలకలు వేసేవాడు లేడు. చెయ్యి ఆడినట్టు నోరాడదు, అదే వాడి ఖర్మ. హైస్కూలు నుంచీ జనెల్ అంటే పడి చస్తాడు, ఒక్కసారైనా చెప్పిన పాపాన పోలేదు. ఆదివారంలోగా చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని వాడికీ తెలుసు. ఒట్టు పెట్టుకుని మరీ బయల్దేరాడు.

కొత్త పలక గోడకు ఆనించి చూపిస్తే జనెల్ మూతి విరిచింది. ఆసుపత్రి కట్టులా ఉందంది. గోడ ఎండకు వెలిసిపోయింది, ఆ రంగు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదన్నాడు వేడ్. గరాజ్ వెనక అంతే వెలిసిన పలకలు ఊడదీసి ఇక్కడ వేస్తాడట, కొత్తవి అక్కడ వేస్తాడట.

"పాతవి ముందుకి, కొత్తవి వెనక్కా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అంది.

పూటలో అయ్యే పనిని వేడ్ రోజుల తరబడి సాగదీశాడు. శుక్రవారం వానొస్తే ఇద్దరూ వసారాలో నిలబడ్డారు. మేకులు పూర్తిగా దిగ్గొట్టవేం అని అడిగిందామె.

"బిగిస్తే ఎండకు పలక ఉబ్బిపోతుంది. కాస్త వదిలెయ్యాలి."

"నువ్వు దేన్నయినా వదిలేస్తావు కదా" అంది జనెల్, వాననే చూస్తూ.

అప్పుడు చెప్పి చావొచ్చు కదా! వాన నీటి గొట్టానికి చిల్లు పడిందన్నాడు, మహానుభావుడు. ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆఖరి పలక వేశాడు. జనెల్ బయటికొచ్చింది. గోడ నిమిరి, ఎక్కడ కాలిందో కనిపెట్టలేకపోయింది. అప్పుడు పెగిలింది వాడి గొంతు.

"కర్టిస్‌ని చేసుకోకు జనెల్. నువ్వంటే నాకు ప్రాణం."

ఆమె గోడ మీంచి చెయ్యి తీసింది.

"ఈ ఇంటికి పలకలన్నీ వేసింది మా నాన్నే. ఈ మూడు వరసలూ ఆయన గంటలో వేసేవాడు. నేనే వద్దన్నాను. నిన్నెందుకు పిలిచాననుకున్నావ్?"

"మరి ఇప్పుడు చెబుతున్నాగా..."

"నిన్న రాత్రి కర్టిస్‌కి సరేనన్నాను వేడ్."

ఆమె కళ్లు తుడుచుకుంది. వేడ్‌కి ఏడవడం కూడా చేతకాలేదు. నిచ్చెన దించి ట్రక్కు దాకా లాగబోయాడు. బరువుగా ఉన్నట్టుంది, రెండో చివర ఆమె పట్టుకుంది.