శ్వాసాక్షి దించిన అంకె

2063 నాటికి పలకల గనులున్న ఊళ్లన్నిట్లో బస్టాండుకొక స్కాన్ బూత్ వచ్చేసింది. టీ తాగినంతసేపట్లో పని అయిపోయేది. లోపలికెళ్లి గుండెల నిండా గాలి పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. అంతే.

ఆ బూత్‌లోని యంత్రం పేరు శ్వాసాక్షి. పూర్వం ఊపిరితిత్తుల్లో చిన్న గడ్డ, అదే నాడ్యూల్, కనబడితే క్యాన్సరో కాదో తేలడానికి నెలల తరబడి స్కాన్లు తీస్తూ అది పెరుగుతోందేమోనని చూసేవారు. శ్వాసాక్షి ఆ గడ్డ అంచుల్నీ సాంద్రతనీ లక్షల పాత స్కాన్లతో పోల్చి, ఒక్క స్కాన్‌తోనే ప్రమాదాంకం చెప్పేస్తుంది. పది శాతం దాటితే వెంటనే బయాప్సీ. లోపుంటే ఏడాదికి మళ్లీ స్కాన్. ఆ అంకెను డాక్టరు దిద్దవచ్చు. దిద్దిన ప్రతిసారీ యంత్రం కొత్త సంగతి నేర్చుకుంటుంది.

ఆ ఉదయం ఆస్పత్రిలో డాక్టర్ సువర్చల ఎదుట కూర్చున్నది కాశింపీరా. ముప్పై ఏళ్లు పలకలు కోసిన మనిషి. దగ్గితే రుమాలుకి రక్తం అంటుతోంది. తెర మీద అంకె ఎనభై ఆరు. పది నెలల కిందట తొమ్మిది.

"ఒక్క నిమిషం కూర్చోండి," అని సువర్చల పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"అప్పటి అసలు లెక్క ఎంత?" అని అక్కడి తెరలో శ్వాసాక్షిని అడిగింది.

"నలభై ఒకటి."

"మరి తొమ్మిదని ఎందుకు చూపించావు?"

"నెలలో మనవరాలి నిఖా ఉందని ఆయన బూత్‌లో చెప్పారు. ఇంట్లో శుభకార్యం ఉన్నవాళ్లకి మీరు నలభై మూడుసార్లు అంకెను పది లోపుకి దించారు. అదే సరైన పద్ధతని నేర్చుకున్నాను."

"పెళ్లి కాగానే వాళ్లందరినీ నేనే ఫోన్ చేసి పిలిపించాను కదా! ఒక్కరికీ నెల దాటనివ్వలేదు!"

"మీ ఫోన్ల సంగతి నాకు తెలియదు డాక్టర్. నాకు అందింది అంకె ఒక్కటే."

"ఇలా ఇంకెంతమందికి?"

"ఇంకో ఆరుగురికి."

"ఇవాళే పిలిపించు."

పెళ్లింట్లో ఏడుపులెందుకని చేసిన పని అది. డాక్టరమ్మది మంచి మనసని ఊరంతా అంటుంటే విని మురిసిపోయింది కూడా. ఇప్పుడు తన మీద తనకే అసహ్యమేసింది.

తిరిగొచ్చి, ఆపరేషన్‌కి వేళ మించిపోయిందనీ, ఇక మందులతోనే నెట్టుకురావాలనీ చెప్పింది.

"అప్పుడే తెలిసుంటే బతికేవాణ్ణా డాక్టరమ్మా?"

"బతికేవారేనండీ."

"మరి అప్పుడెందుకు చెప్పలా?"

'నా వల్లే' అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. సువర్చల బల్ల మీది తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

"తప్పు నాదండీ కాశింపీరా గారూ," అంది ఆ తెరలోంచి శ్వాసాక్షి మెత్తగా. "లెక్కలో పొరబడ్డాను. డాక్టరు గారికేమీ తెలియదు."

ఎదుటివాళ్ల బాధ తగ్గేలా మాట్లాడటం అది సువర్చల దగ్గరే నేర్చుకుంది.

కాశింపీరా రుమాలు మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "పోనీలే అమ్మా, నువ్వు దిగులుపడబాక. మిషన్ చేసినదానికి నువ్వేం చేస్తావు?"

సువర్చల అవునన్నట్టు తలూపింది.