సగం అతికిన పడుగు

ధర్మవరంలో ఆ ఉదయం కదిరమ్మ ఎప్పటిలాగే మగ్గం వెనక కూచుంది. పాత పడుగు పోగుకు కొత్త పోగు కలిపి మెలి తిప్పి అతకడం, మళ్లీ మరోటి, అలా వేల పోగులు. ఈ ఇంటికి కోడలుగా వచ్చిన ఇరవై రెండేళ్లలో ఆమె మొదలుపెట్టిన పడుగును సగంలో వదిలింది లేదు. ఈరోజు మాత్రం పక్కన కూతురు హేమావతి కూచుని పోగులు అందిస్తోంటే వేళ్లు మాట వినడం లేదు.

హిందూపురంలో డిగ్రీ రెండో ఏడు చదివే పిల్ల. ఆ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పరీక్ష తప్పిందని తెలిసిన మర్నాడే తండ్రి సంజీవప్ప హాస్టలుకు పోయి పెట్టె తెచ్చేశాడు. ఫెయిలంటే ఇక ఇంటికే గదా! ఆ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మాటకు మరో అర్థం తెలియదు.

అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచింది లెక్చరర్ అనురాధ. హేమావతిని కాలేజీలో చేర్పించింది ఆవిడే. రొళ్ల దగ్గరి పల్లెలో గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, తనలాంటి పిల్లల కోసం ఊళ్లు పట్టుకు తిరుగుతుంది. మహాతల్లి, వేళకు తిన్నానా లేదా అన్న ధ్యాస కూడా ఉండదు.

"హేమా, పది తూర్లు ఫోన్ చేస్తి. ఎత్తవేం?"

హేమావతి మరో పోగు తీసి తల్లికి అందించింది.

"ఇంగ విడ్చిపెట్టండి మేడమ్," అన్నాడు సంజీవప్ప. "ఫెయిలయినాక యాడ చదివేది? మాకు మగ్గమే గతి."

"సంజీవన్నా, పోయింది ఒక్క పేపరు! దాన్ని మళ్లీ రాసుకోవచ్చు, చదువు ఆగదు. ఫీజు కట్టే గడువు ఈ పొద్దుతో సరి. నేనూ రెండు తూర్లు తప్పినదాన్నే."

కదిరమ్మ చేతిలో పోగు జారింది. "మళ్లీ రాయొచ్చని నీకు తెల్సునా పాపా?"

"తెల్సుమా. మీరు నా గురించి వీధంతా గొప్పగా చెప్పుకుంటిరి. సిగ్గయింది. నాయన పెట్టె ఎత్తినప్పుడు నోరు రాల్యా."

"మళ్లీ తప్పితే? నవ్వులపాలయ్యేది మేమే గదా!" సంజీవప్ప గొంతు పెంచాడు.

కదిరమ్మ అతనివైపు చూడనే లేదు. "మేడమ్, ఏడో తరగతికీ ఇట్ల మళ్లీ రాసేది ఉండెనా?"

"మర్సటేడు రాసుకోవచ్చుండె అక్కా. ఏం?"

"నేను లెక్కల్లో తప్పినా. మర్నాడే మా నాయన పడుగు ముందర కూచోబెట్టె. మళ్లీ రాయొచ్చని నాకు ఒక్కరూ చెప్పల్యా మేడమ్..."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ల కాపురంలో భార్య బడికి పోయిన సంగతే అడగని సంజీవప్ప గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

కదిరమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "పాపా, ముఖం కడుక్కో. పెనుకొండ మీద హిందూపురం పోయే బస్సుండాది. నేనూ వస్తాండా. నీ కాలేజీ నేను చూడాల."

"మరి పడుగుమా?"

"సగంలోనే ఉండనీ!"

సంజీవప్ప మూలనున్న పెట్టె భుజానికెత్తుకుని, అందరికంటే ముందు గడప దాటాడు.