ఇద్దరు తెరేసమ్మలు

రెండువేల మూడు మే నెలలో, కూతురి పెళ్లి రేపనగా, గుణదలలో సంపూర్ణమ్మ ఇంట్లో ఇడ్లీపాత్ర దించకముందే పెట్టుబడి చీరల పంపకం మొదలైంది. చుట్టాల్లో ఎవరికే రంగో ఇన్నేళ్లూ ఆవిడ నోటిమీదే ఉండేది. ఈసారి ఆ పని కోడలు క్రిస్టినాకు అప్పగించింది. కాపురానికొచ్చాక ఆ పిల్ల చేతికొచ్చిన మొదటి పెద్ద పని అదే.

క్రిస్టినా దాన్ని ఎక్సెల్‌లో పెట్టింది. ఒక షీట్లో చుట్టాల పేర్లు, ఇంకో షీట్లో పేరు పక్కన రంగు. మధ్యలో పేరును వెతికి పట్టే వీ-లుకప్ ఫార్ములా ఒకటి రాస్తే ఎవరి రంగు వాళ్ల పక్కకు దానంతటదే వచ్చి కూర్చుంది. ఆ లిస్టు ప్రకారమే మంగళగిరిలో చీరలు కొని, పేర్లతో కవర్లు కట్టించుకొచ్చింది. "కంప్యూటర్ పొరబడదండీ అత్తయ్యగారూ" అని నెలలో నలభైసార్లయినా అనుంటుంది. అన్నవన్నీ ఇప్పుడు వెనక్కి తీసుకుందామన్నా కుదరదు.

మామగారి అక్క గుడివాడ తెరేసమ్మ వరండాలో పెట్టె సర్దేస్తోంది.

"నాకూ చిలకపచ్చే, ఉయ్యూరు తెరేసమ్మకీ చిలకపచ్చే. అంచు కూడా అదే. రేపు చర్చిలో ఇద్దరం బ్యాండుమేళం వాళ్లలా నిలబడాలా? ఇంటి ఆడపడుచుకిచ్చే మర్యాద ఇదేనా? తొమ్మిదింటి బస్సుకి పోతున్నాను."

"కాస్త కూర్చోండి వదినగారూ" అని బతిమాలి, సంపూర్ణమ్మ కోడలివైపు తిరిగింది. "మా ఉయ్యూరక్కకి గంధం రంగని చెప్పానా లేదా?"

"చెప్పారండీ. అలాగే కొట్టాను. ఇద్దరి పేరూ తెరేసమ్మే కదండీ. ఫార్ములా పైనుంచి చూసుకుంటూ వచ్చి మొదటి తెరేసమ్మ దగ్గరే ఆగిపోయింది."

"గుడివాడ, ఉయ్యూరు అని పసిపిల్లలక్కూడా తెలుసే మనింట్లో."

"కవరుమీద ఊరి పేరుంటే బాగోదని తీసేశానండీ."

"బావగారు పోయి పదకొండేళ్లు. ఆ రంగు చూసి అక్క ఎంత ఏడుస్తుందో. పద, తెచ్చేద్దాం."

క్రిస్టినా బిక్కచచ్చి ముందు నడిచింది. గదిలో ఉయ్యూరు తెరేసమ్మ అద్దం ముందు ఉంది. చీర అప్పుడే కట్టేసుకుంది.

"పొరపాటున వచ్చిందని తెలుసులేమ్మా" అంది వెనక్కి తిరక్కుండానే. "ఒక్కసారి కట్టుకుని ఇచ్చేద్దామనుకున్నా. విప్పబుద్ధి కావట్లేదు. లేతరంగులే కావాలని నేనెవరితోనూ అనలేదు. మీ అత్త అంత గుర్తుపెట్టుకుని తెస్తుంటే వద్దని ఎలా అంటాను?"

గుమ్మంలో ఉన్న సంపూర్ణమ్మకు సిగ్గేసింది. బీరువా తీసి, పెళ్లికూతురి తల్లిగా తాను కట్టుకోవాల్సిన పట్టుచీర తీసుకెళ్లి ఆడపడుచు ఒళ్లో పెట్టింది. గుడివాడ తెరేసమ్మ జరీని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, అంచు జానతో కొలిచి, బస్సు మాట మళ్లీ ఎత్తలేదు.

సంపూర్ణమ్మ గదిలోకి తిరిగొచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చుని కుచ్చిళ్లు సర్దసాగింది. కళ్లు నిండి మడతలు కనబడటం లేదు.

"పదకొండేళ్లలో ఒక్కమాటన్నా చెప్పలేదేం అక్కా?"

"నువ్వడుగుతావేమోనని చూశానే."