మిషన్‌కి అమ్మ

"కళ్ళకి గంతలు కట్టి రోడ్డు దాటమంటే మీరు దాటుతారా?"

యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరిన మొదటి రోజే అతను తిన్న చీవాట్లవి. డ్రైవరు లేకుండా తనంతట తనే నడిచే చిన్న సరుకుల బండి మీద అతను తన యాంటెన్నా బిగించాడు. సరిగ్గా బండి కెమెరాకి అడ్డంగా. ఆ బండికి నడక నేర్పుతున్న అమ్మాయి చరచరా వచ్చి, స్క్రూలు విప్పి, యాంటెన్నా అతని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

"బ్రేకు మేడమ్ అంటే ఆవిడే," అన్నాడు పక్క బల్ల మిత్రుడు. "తప్పు కనబడిందా, అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆవిడ నోట 'బాగుంది' అన్నమాట విన్నవాడు ఈ ల్యాబ్‌లో లేడు."

సాయంత్రానికల్లా అతనికి యాంటెన్నా అని పేరు పడిపోయింది. మనిషి కూడా పొడుగ్గా, సన్నగా ఉంటాడు మరి.

అతని పని వైర్‌లెస్ నెట్‌వర్క్. బండి క్యాంపస్ రోడ్ల మీద తిరుగుతుంటే, సిగ్నల్ ఎక్కడ బలహీనపడుతుందో ముందే పసిగట్టి సర్దుకునే నెట్‌వర్క్ తయారుచేయాలి. అందుకని రోజూ హెడ్‌సెట్ తగిలించుకుని, బండిని ఆపే ఎర్ర బటన్ చేత పట్టుకుని దాని వెనకే నడిచేవాడు. చెవిలో ఒక గొంతు పలికేది. "ఎడమకి. తిరుగుతోంది. దూరం. ఉంచండి." ఎత్తూపల్లం లేని రేకు గొంతు. బండిలోని మిషనే మాట్లాడుతోందని అతను అనుకున్నాడు. ఎవరూ కాదనలేదు. అతను ఎవరినీ అడగలేదు కూడా.

మనుషుల దగ్గరైతే అతనికి నోరు పెగలదు. మిషన్ దగ్గర మొహమాటమేముంది?

"నాన్న ఫోన్ చేస్తే అంతా బ్రహ్మాండం అంటున్నాను," అన్నాడొక రోజు బండి వెనక నడుస్తూ. "నిజానికి ఇక్కడ నాకేమీ తలకెక్కడం లేదు. మానేసి వెళ్ళిపోదామనుంది."

కాసేపు గరగర. తర్వాత, "నిన్నటి మార్పు. బాగుంది. సిగ్నల్. తెగలేదు," అంది గొంతు.

అతను ఉబ్బిపోయాడు. మనుషులైతే మాటవరసకి మెచ్చుకుంటారు. మిషన్‌కి ఆ అవసరమేమిటి? ఆ పూట నుంచి రెట్టించి పనిచేశాడు.

ధైర్యం పెరిగి, ఇంకో రోజు అసలు సంగతి కూడా కక్కేశాడు.

"నవ్వకు. నీకు నవ్వు రాదులే. బ్రేకు మేడమ్ తిడితే నాకు కాళ్ళు వణుకుతాయి. తిట్టని రోజు మాత్రం తిన్నది అరగదు."

మిషన్ ఎంతసేపటికీ ఉలకలేదు, పలకలేదు. బండి తిన్నగా పోయి పూలకుండీని గుద్దబోతే అతనే బటన్ నొక్కాడు.

సన్నగా చినుకులు పడుతున్న ఒక మధ్యాహ్నం, అతను కొత్తగా దిద్దిన ప్రోగ్రాం ఎక్కించి బండిని బయటికి తీశాడు. లైబ్రరీ మలుపు దగ్గర గొంతు ఎప్పుడూ ముక్కలుముక్కలుగా వచ్చేది.

"ఎడమకి తిరుగుతోందండీ, దూరం ఉంచండి."

ఈసారి గొంతులో గుండ్రదనం ఉంది. చివర చిన్న ఊపిరి కూడా వినబడింది. తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఆ వెనకే భోజనం క్యారియర్ గిన్నెల చప్పుడు, ఎవరో పెద్దావిడ గొంతు:

"ఎవరే? రోజూ అన్నం దగ్గర చెబుతావే, ఆ పొడుగు అబ్బాయేనా?"

"అమ్మా! మైకు ఆన్‌లో ఉంది!"

అతను టక్కున ఆగిపోయాడు.

మిషన్‌కి అమ్మ ఉంది! ఆ అమ్మకి తను తెలుసు! ఇక ఆ గొంతంటారా, తనకి మొదటి రోజే చీవాట్లు పెట్టిన గొంతు. ఇన్నాళ్ళూ దాన్ని రేకుడబ్బాలా వినిపించింది తన చచ్చు నెట్‌వర్కే. అదిప్పుడు బాగుపడి తన పరువు తీసింది.

ఎర్ర బటన్ నొక్కాడు. బండి ఆగింది. వానలో అలాగే నిలబడ్డాడు.

బండిని గమనించే కంట్రోల్ రూమ్ నుంచి ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టంతా తడిసింది.

"అంతా విన్నారా?" అన్నాడు, ఆమె వైపు చూడకుండానే.

"విన్నాను."

"నవ్వుకున్నారా?"

"మొదట్లో నవ్వుకున్నాను. చెప్పేద్దామనే అనుకున్నాను. అంతలో మీ నాన్నగారి సంగతి చెప్పారు. వినేది నేనని తెలిస్తే ఆ బాధ ఇంకెవరితోనూ చెప్పుకోరేమోనని నోరు కట్టేసుకున్నాను. తప్పే. క్షమించండి."

"మరి ఆ మెచ్చుకోళ్ళు? జాలిపడి అన్నవేగా?"

ఆమె కళ్ళలో పాత కోపం తళుక్కుమంది. "నేను జాలిపడి ఒకరిని మెచ్చుకోవడం ఎప్పుడైనా చూశారా?"

అతను ఆలోచించాడు. చూడలేదు. తనే కాదు, ఎవరూ చూడలేదు.

"అంటే... నా పని నిజంగానే..."

"బాగుంది. మళ్ళీ మళ్ళీ చెప్పించకండి."

"నాకింకా కోపంగానే ఉంది," అన్నాడు, లేని కోపాన్ని కూడదీసుకుంటూ.

"ఉండనివ్వండి. మానేసి మాత్రం వెళ్ళకండి."

"నెట్‌వర్క్ కోసమా?"

ఆమె తలదించుకుని బండి మీది నీళ్ళు అరచేత్తో తుడిచింది. "నేనూ మనిషినేనండీ. మీరు రాని రోజున నాకూ తిన్నది అరగదు."

అతనికి నవ్వు ఆగలేదు. అది చూసి ఆమె కూడా ఫక్కున నవ్వేసింది.

అప్పుడు అతని హెడ్‌సెట్‌లో, పక్కనే నిలబడి మాట్లాడుతున్నంత స్పష్టంగా:

"బాబూ, ఆ నవ్వుతున్నది మా పిల్లేనా?"

అతను ఉలిక్కిపడి నిటారుగా నిలబడ్డాడు. "అ... అవునండీ."

"ఇంట్లో దాన్ని నవ్వించేవాళ్ళు కరువయ్యారు. సరేలే, వానలో ఎంతసేపని నిలబడతారు? ఇద్దరూ రండి. నిన్ను కళ్ళారా చూడాలి."

"అమ్మేనా? ఏమంటోంది?" అంది ఆమె, అతని మొహంలో రంగులు మారడం చూసి.

"మిమ్మల్ని తీసుకురమ్మంటున్నారు," అన్నాడు అతను.

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, అతని చేతిలోంచి ఎర్ర బటన్ తీసుకుంది. "పదండి మరి," అంది.