నూనె చొక్కా తొడుక్కున్న నీలినీరు

మణిశైల రాజ్యంలో ఆ ఏడు పెళ్ళిబాజా మోగలేదు. యువరాజు ఉదయసేనుడు వేటకు వెళ్ళి, బండాసురుడనే రాతి రాక్షసుడి తోటలో తెలియక పండు తిన్నాడు. శాపం తగిలి అతని కడుపులో రాయి మొలిచింది. అది పెరిగి గుండెను తాకిందా, ఇక ఏ తల్లి మొక్కులూ పనిచెయ్యవు.

మందు ఒకటే. మూడు అడవుల అవతల గాలిలో గిరగిర తిరిగే నీలినీరు. అది రాయిని తాకితే కరిగిస్తుంది. నూనెను తప్ప మరి దేనిని తాకినా రాయి చేసేస్తుంది. తేవడానికి వెళ్ళిన వీరులంతా చెంబులతో సహా శిలలైపోయారు. పోనీ నూనెలో కలిపి తాగిద్దామంటే, శాపం వల్ల యువరాజు గొంతు నూనెబొట్టును దిగనివ్వదు.

గానుగ ఆడించే పైడమ్మ కూతురు నూకాలు తాను వెళ్తానంది.

“ఎల్తావా? దారిలో పులుంటాది. పులి లేకపోతే పాముంటాది. ఏదీ లేకపోతే జొరమొస్తాది,” అంది పైడమ్మ. అంటూనే మూట కట్టింది. ఆకలేస్తే అటుకులు, ఒళ్ళు నొప్పికి కుండలో నువ్వులనూనె, కాళ్ళు పగిలితే తేనెమైనం, కుండ చిల్లుపడితే తుమ్మబంక, దాహానికి సొరకాయబుర్రలో నీళ్ళు, పామును తరమడానికి మజ్జిగ కవ్వం. తల్లి భయం ఎంత ఉంటే మూట అంత బరువు కదా పిల్లలూ!

మొదటి అడవిలో పులి ఎదురైంది. కవ్వం గిరగిర తిప్పితే జడిసి పారిపోయింది. రెండో అడవిలో ముళ్ళపొదలో చిక్కుకున్న మునిని నూకాలు విడిపించింది. ఆయన సంతోషించి రహస్యం చెప్పాడు: “తల్లీ, నీటికి నూనె చొక్కా తొడుగు. నూనెకు మళ్ళీ నీటి చొక్కా తొడుగు. గొంతుకు పైచొక్కాయే తగులుతుంది. లోచొక్కా కడుపులోని పిత్తం తగిలితేగాని విడదు. పిత్తం కలిసిన నీలినీరు రాయిని కరిగిస్తుందే గాని దేన్నీ రాయి చెయ్యదు.”

మూడో అడవిలో నీలినీటి దగ్గర బండాసురుడు కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఎంత కావాలంటే అంత పట్టుకోమని, ఇంటికి చేర్చినవాళ్ళను మాత్రం తానింతవరకు చూడలేదని నవ్వాడు.

నూకాలు నూనెలో మైనం కరిగించి, కుండకూ కవ్వానికీ పట్టించి, నీలినీటిని అందులోకి పట్టి బలంగా చిలికింది. నీరు కంటికి కనబడనంత సన్న చుక్కలై నూనెలో ఒదిగిపోయింది. అందులో సగం తీసి, ఆకుదొప్పలో కలిపిన తుమ్మబంక నీళ్ళలో పోసి, గానుగింటి పిల్ల కదా, మళ్ళీ అదే బలంతో చిలికింది. లోచొక్కాలు చిరిగిపోయాయి. బంకనీళ్ళు కవ్వంతో సహా రాయైపోయాయి. వేలు తగలలేదు గనుక సరిపోయింది!

రాక్షసుడు పగలబడి నవ్వాడు. నూకాలుకు ఏడుపొచ్చింది. మిగిలింది సగమే. అప్పుడు అమ్మ నూనెకుండ మోసే తీరు గుర్తొచ్చింది. ఒలికిపోతుందన్న భయంతో పైడమ్మ నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నట్టు నడిచేది. ఊళ్ళో అందరూ వెక్కిరించేవారు, నూకాలు కూడా.

ఈసారి ఆమె సొరకాయబుర్రలోని నీళ్ళలో బంక కరిగించి, మిగిలిన నూనెను కొద్దికొద్దిగా వంచుతూ, ఉయ్యాల ఊపినట్టు ఊపింది. బుర్ర నిండా పాలలాంటి తెల్లని మందు తయారైంది.

బండాసురుడి నవ్వు ఆగిపోయింది. బుర్ర లాక్కుని ఎండకు కాలుతున్న రాయి మీద పెట్టాడు, కొండవాలున దొర్లించాడు. మందు విరగలేదు. అరచేతిలో పోసుకుంటే చెయ్యి కరగలేదు.

“ఇది ఉత్త పాలే! నీలినీరేదే?” అంటూ అరచేతిలోది గుటుక్కున మింగాడు.

“లోపలుంది మావా. కాస్త ఓపిక పట్టు,” అంది నూకాలు.

కాసేపటికి రాక్షసుడి పొట్ట గుడగుడలాడింది. రాతి ఒళ్ళంతా లోపలినుంచి కరిగి వాగై పారిపోయింది. దారిపొడవునా శిలలైన వీరులు, ఆ వాగు తగిలి ఒంటిమీది రాయి కరగగానే, లేచి కూర్చున్నారు.

బుర్రలో మిగిలిన మందు యువరాజు గొంతులోంచి చల్లగా దిగింది. కడుపులో చొక్కా విడింది, రాయి కరిగింది. అతను లేచి అన్నం పెట్టమన్నాడు. కోటలో నగారాలు మోగాయి.

రాజు నూకాలును కోడలిని చేసుకుంటానన్నాడు. యువరాజు ఆమె ఇష్టం అడిగాడు. ఆమె నవ్వి, అమ్మను అడగమంది.

పైడమ్మ కోట మెట్లకేసి పైనుంచి కిందిదాకా చూసింది. “సంబంధం బాగానే ఉంది బాబూ. ఆ మెట్లకి పట్టుకోడానికి ఏదీ లేదు. నా పిల్ల పడిపోతాది.”

మెట్లకు కమ్మీలు కట్టించాకే పెళ్ళిబాజా మోగింది. ఆనాటినుంచి మణిశైలంలో భయపడే అమ్మలను ఎవరూ వెక్కిరించలేదు.