గాజు కింద ఎర్రచుక్క

నరసరావుపేటలో ఆ ఆసుపత్రి ల్యాబుకి కిటికీ లేదు. మెట్ల కింద మిగిలిపోయిన జాగాకి తలుపు బిగించి ల్యాబు అన్నారు. స్పిరిటు వాసన, రంగుల వాసన, మూలన అటెండరు యాకూబ్ బాబాయ్ పెట్టుకునే అల్లం టీ వాసన. ఈ మూడూ కలిసి ముక్కుకి తగిలితేనే భార్గవికి డ్యూటీలో ఉన్నట్టు.

ఆమె సైటోటెక్నాలజిస్టు. రోగి ఒంట్లోంచి తీసిన తెమడో, నీరో స్లైడు మీద పూసి, రంగులద్ది, పైన పల్చటి గాజు అతికించి, మైక్రోస్కోపు కింద ఒక్కో కణాన్నీ వెతుకుతుంది. అనుమానం తగిలిన చోట ఆ పైగాజు మీద నీలం పెన్నుతో చుక్క పెడుతుంది. ఆ చుక్కలు చూసుకుని డాక్టర్ వెంకట్రామయ్య సంతకం చేస్తాడు.

పల్నాడులో ఎవరి తెమడ చూసినా మిరపకాయ కనిపిస్తుంది. మందపాటి గోడలతో, ఇటుకలు పేర్చినట్టుండే తొక్క కణాలు. మన రక్తం తీసి ఇడ్లీకి నంజుకోవచ్చని యాకూబ్ బాబాయ్ ఎగతాళి చేస్తుంటాడు. కొత్తలో భార్గవి వాటి దగ్గర ఆగి చూసేది. ఇప్పుడు ఆగదు. ‘ఆహారపు తునకలు’ అని రాసి స్లైడు జరిపేస్తుంది. చెయ్యి దానంతటదే రాస్తుంది.

కల్లాల్లో మిర్చి ఎండుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, గురజాల వైపు నుంచి రామలక్ష్మి అనే ఆమె వచ్చింది. ఆమె కూతురు కృష్ణవేణిని కిందటి వారమే ఇక్కడికి తెచ్చారు. ఊపిరాడక కొట్టుకుంటుంటే గొంతులో గొట్టం వేశారు, తెమడ లాగి ల్యాబుకి పంపారు. రిపోర్టు వెళ్లేలోపే పిల్ల పోయింది. మొగుడు ధనుంజయరావు ఆయాసమన్నాడు. ఆడది ఊపిరాడక చచ్చిందంటే ఆ ఊపిరిని ఆపిందెవరని ఎవడడుగుతాడు? పొద్దుగూకకముందే చితి పెట్టేశారు.

“మా పిల్లకి ఆయాసం ఏందమ్మా,” అంది రామలక్ష్మి. “మిర్చి బస్తా ఒక్కతే ఎత్తి నెత్తిన పెట్టుకునేది. నీళ్లు పోసేటప్పుడు మెడ ఎనక ఏళ్ల గుర్తులు చూశా. నోరు తెరిచి చూస్తానంటే చూడనియ్యలా.”

మిగతాది ఆమె గొణుగుతూ చెప్పింది. ఎన్నికల కొట్లాటలో ధనుంజయరావు గొడ్డలెత్తి మనిషిని నరకడం కృష్ణవేణి కళ్లారా చూసింది. కోర్టులో చెప్తానంది. అందుకని కల్లంలో మెడ పట్టుకుని, మర పట్టించి పోసిన మిరపపొడి రాశిలోకి ముఖం కుక్కాడు. అతని తల్లి పిల్ల కాళ్ల మీద కూర్చుంది. పక్క కల్లంలో కూలీలు చూశారు, ఆమెకి చాటుగా చెప్పారు గానీ పోలీసుల ముందు చెప్పడానికి ఎవరికీ నోరు పెగలట్లేదు.

“కట్టె కాలిపోయింది. ఇంక ఆ గాజొక్కటే నా పిల్ల. అందులో ఏం కనపడింది తల్లీ?”

భార్గవి అరలోంచి స్లైడు తీసింది. మైక్రోస్కోపు కింద పెట్టి కన్ను ఆనించింది. తిన్న మిరపకాయ నోటి కణాల మధ్య ఉంటుంది. ఇక్కడ నోటి కణం ఒక్కటీ లేదు. ఊపిరితిత్తుల లోతుల్లోంచి వచ్చిన, అంచున నూగు ఉండే కణాలు... వాటి మధ్య రక్తం... ఆ రక్తం నిండా ఇటుక గోడలు. ఆ పిల్ల మిరపకాయ తినలేదు. పీల్చింది. తను దాన్ని చూసింది. చూసి, ఆహారపు తునకలని రాసింది.

ఇంకోటి కూడా కనిపించింది. మూడు చుక్కలు, ఎర్రవి. ఆమె పెట్టేది నీలం. గోటితో గీకింది. పోలేదు. అవి పైగాజు మీద లేవు... కిందున్నాయి.

వెంకట్రామయ్యకి ఫోన్ చేసింది. ఆయన గుంటూరులో ఉన్నాడు. స్లైడు భద్రంగా దాచమనీ, పొద్దున్నే కొత్త రిపోర్టు రాసి పోలీసులకిద్దామనీ అన్నాడు. రామలక్ష్మి మాత్రం ఆగలేకపోయింది. బస్టాండులో నిలబడి అల్లుడికి ఫోన్ చేసి, గాజులో దొరికావురా అని తిట్టిపోసింది.

సాయంత్రం కరెంటు పోయింది. జనరేటర్‌కి డీజిల్ తెస్తానని యాకూబ్ బాబాయ్ వెళ్లాడు. కిటికీ లేని గదిలో పొద్దుండగానే చీకటి. భార్గవి ఫోన్ లైటు వేసేసరికి గుమ్మంలో తెల్లచొక్కా కనిపించింది.

“గాజు ఇయ్యి,” అన్నాడు ధనుంజయరావు మెల్లగా.

“ఏ గాజండీ?”

“ఏమే, ఎటకారమా?”

తలుపు గడియ పెట్టాడు. అరలు లాగి స్లైడ్లన్నీ నేలకేసి కొట్టాడు. ఎందరి కణాలో కాళ్ల కింద కరకరలాడాయి. ఇవ్వనని భార్గవి అంది. ఆమె జుట్టు చేతికి చుట్టుకుని గ్రానైట్ గట్టుకేసి ముఖం బాదాడు. పెదవి చిట్లింది. మళ్లీ బాదాడు. ఏప్రాన్ జేబు చించి కృష్ణవేణి స్లైడు లాగాడు. కింద పడేసి చెప్పు కాలితో తొక్కాడు... తిప్పి తిప్పి తొక్కాడు... గాజు పిండి అయ్యేదాకా.

“అయిపోయింది,” అన్నాడు. “ఇంక నువ్వు.”

ఆమె మెడ వెనక చెయ్యి వేసి, స్లైడ్లు కడిగే రంగు నీళ్ల తొట్టిలోకి వంచాడు. ముక్కులోకి నీళ్లు ఎక్కాయి. భార్గవి కాళ్లు కొట్టుకున్నాయి.

అప్పుడు వచ్చింది ఘాటు.

పొయ్యి మీద మిరపకాయలు మాడ్చినట్టు. కళ్లు మండాయి. మెడ మీద పట్టు సడలింది. ఆమె తల పైకెత్తింది... గదిలో ఎవరో దగ్గుతున్నారు. ధనుంజయరావు కాదు. ఆడగొంతు. ఖాళీ అరల్లోంచి... నేల మీది గాజు పిండిలోంచి...

“ఎవరే అది?” అన్నాడతను. ఆ మాట పూర్తిగా రాలేదు.

అతని తల ముందుకి వంగింది. ఎవరో వంచినట్టు. గట్టు అంచుకి నుదురు తగిలి చిట్లింది. పైకి లేచింది. మళ్లీ వంగింది. పళ్లు రాలి గ్రానైట్ మీద దొర్లాయి. అరవబోయి నోరు తెరిచాడు... తెరిచిన నోట్లోంచి ఎర్రటి పొడి పొంగింది. రెండు చేతులూ నోట్లో పెట్టుకుని తోడుకున్నాడు. తోడేకొద్దీ వచ్చింది. పొడి ముద్దయింది. ముద్దలో నెత్తురు. గోళ్లతో గొంతు చీరుకున్నాడు. మెడ వెనక ఐదు వేళ్ల అచ్చులు ఒక్కొక్కటే ఎర్రగా తేలడం ఫోన్ వెలుగులో భార్గవి చూసింది.

ఆ వేళ్ల వెనక చెయ్యి లేదు.

యాకూబ్ బాబాయ్ తలుపు బద్దలు కొట్టేసరికి ధనుంజయరావు నీలంగా పడి ఉన్నాడు. అతని వాళ్లు శవాన్ని మోసుకుపోయారు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, ఇంటి గుట్టు వీధిన పడకూడదనుకున్నారేమో, ఆయాసమని చెప్పుకున్నారు.

గాజు పెంకులు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బాబాయ్ మైక్రోస్కోపు తుడవబోయి ఆగాడు.

“ఇది నువ్వు పెట్టావా అమ్మా?”

స్లైడు ఆనించే పళ్లెం మీద కృష్ణవేణి స్లైడు. బీట కూడా లేదు. చుక్కలు రెండే ఉన్నాయి.

పొద్దున వెంకట్రామయ్య వచ్చాడు. భార్గవి వాచిన పెదవితోనే కొత్త రిపోర్టు రాసింది: ఊపిరితిత్తుల్లో మిరపపొడి, రక్తం. పోలీసులు కృష్ణవేణి అత్తగారి కోసం ఊరికి వెళ్లేసరికి ఆమె కల్లంలో ఉంది. మిర్చి రాశిలో నడుం దాకా బోర్లా దిగబడి ఉంది. బయటికి లాగితే ముఖం మీద తోలు లేదు.

భార్గవి స్లైడు చూసింది. ఒక్క చుక్క మిగిలింది.

మెడ పట్టుకున్నవాడు పోయాడు. కాళ్ల మీద కూర్చున్నది పోయింది. కల్లంలో ఇంకెవరైనా చెయ్యి వేశారా అని రామలక్ష్మికి ఫోన్ చేసి అడిగింది. ఇంకెవరూ లేరమ్మా అంది ఆమె. చూసి కూడా నోరు మూసుకున్నోళ్లు తప్ప.

కొత్త రిపోర్టు ఇచ్చేశాను కదా... దిద్దుకున్నాను కదా... అనుకుంది భార్గవి. మళ్లీ చూసింది. ఈసారి స్లైడు మీద ఒక్క చుక్కా లేదు.

ఊపిరి వదిలింది. వదిలిన ఊపిరి గొంతులో గరగరలాడింది. దగ్గు వచ్చింది. ఆగలేదు.

రంగు నీళ్లు మింగాను కదా, అదే అయ్యుంటుందనుకుంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. తన తెమడే స్లైడు మీద పూసి, రంగులద్ది, గాజు అతికించి, నీలం పెన్ను పక్కన పెట్టుకుని కంటికి ఆనించింది.

అంచున నూగున్న కణాలు. వాటి మధ్య ఇటుక గోడలు.

ఆ గోడల పక్కన, గాజు కింద, ఎర్రగా, తడిగా, ఒక చుక్క.

పెన్ను మూత ఆమె ఇంకా తీయనేలేదు.